జహ్రా మడుగుల దగ్గర లెక్క

నాలుగున్నరకే లేచి
అబ్లా నూరియా మోకాళ్ళకి పట్టీలు కట్టాను.
ఫ్లాస్కులో యాలకుల గహ్వా, డబ్బాలో ఖర్జూరాలు,
నాకు నిన్నటి చపాతీలో చుట్టిన ఉల్లికారం.
ఆరో రింగు రోడ్డు మీద
డ్రైవర్ మునీర్ ఆవలింతలు లెక్కపెట్టాను. తొమ్మిది.
ఏదో ఒకటి ఎంచకపోతే నాకు తోచదు.

అక్టోబరు. కువైట్ ఎండకి కోరలు ఊడి
చిగుళ్ళు మిగిలాయి.
గేటు దగ్గర కాపలా అబూ ఫలాహ్
పర్మిట్ కాయితంలో నా పేరు రెండుసార్లు నమిలాడు.
పెంచలమ్మ. వాళ్ళ భాషలో 'ప' లేదు.
బెంచలమా, అని రాసుకున్నాడు.
సరే, అట్లాగే కానీ.

ఇక్కడివి వాన నీళ్ళు కావు.
ఊరంతా స్నానాలు చేసి, గిన్నెలు తోమి పారబోసిందే
ఎక్కడో వడకట్టి ఇటు వదుల్తారట.
నిరుడు నేను సింకులో వంచిన బియ్యం కడుగులో
ఈ రెల్లు కింద
ఏ బుడబుంగ మునకేసిందో!

చెక్కగది. అడ్డంగా చీలికంత కిటికీ.
అబ్లా ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకి జీవశాస్త్రం చెప్పింది.
ఇప్పుడు చేతులు వణుకుతాయి.
దుర్భిణిలో పక్షి కాదు,
భూకంపం కనబడుతుందంటుంది.
అందుకే కళ్ళు నావి, పేర్లు ఆమెవి.

ఎట్లా ఉంది?
ముక్కు గరిటె. బురదని అటూ ఇటూ కలుపుతోంది.
ఇంకోటి?
తల మీద కిరీటం. నేలకి టీకాలు వేస్తోంది.
ఆమె అరబ్బీలో ఒక్కో మాట రాస్తుంది.
నేను లోపల అనుకుంటాను,
తెడ్డుమూతి కొంగ, కూకుడుగువ్వ.
రెండు పేర్లు మోయడం వాటికేం బరువు కాదు.

గట్టు అవతల సముద్రం. పోటు తీసింది.
కనుచూపు మేర బురద,
దాని మీద ఆవాలు చల్లినట్టు ఉల్లంకులు.
సర్కారు కుర్రవాడు యాకూబ్
మూడు కాళ్ళ గొట్టంలోంచి చూసి
తొమ్మిది వందలు, అన్నాడు.
పదకొండు వందల నలభై, అన్నాను,
నా వంకర అరబ్బీలో.
నవ్వాడు.

కోట దగ్గర రొయ్యపిల్లల హేచరీలో
ఏడేళ్ళు ఇదే పని నాకు.
తెల్ల గిన్నెలో కనురెప్ప వెంట్రుకంత పిల్లలు,
ఒక్క క్షణం నిలవవు.
ఒకటి తగ్గితే కొనేవాడు ఊరుకోడు,
ఎక్కువైతే యజమాని.
గిన్నెని చూపుతో ముక్కలు కోసి
ఒక ముక్క ఎంచాలి. మిగతాది కన్నే కూడుతుంది.
తెగులొచ్చి తొట్లు ఎండాక
ఆ విద్య ఎవరికీ అక్కర్లేకపోయింది.

అప్పుడొచ్చింది పిల్లిగద్ద,
రెల్లుని రాసుకుంటూ, తొందరేం లేనట్టు.
ఆవాలన్నీ ఒక్కసారే లేచాయి.
దుప్పటి దులిపినట్టు
తెల్లగా, నల్లగా, మళ్ళీ తెల్లగా.
యాకూబ్ ఫోటో తీశాడు.
గద్దకి ఏమీ దొరకలేదు.
దిగిన చోటే దిగి, అవి
వదిలేసిన ముద్దని మళ్ళీ అందుకున్నాయి.

మధ్యాహ్నం కారు నీడలో
తెర మీద ఒక్కో పిట్టకీ ఒక ఎర్ర చుక్క పెడుతూ కూచున్నాడు.
మధ్యలో నా చపాతీ సగం తిని
ఉల్లికారానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.
పదకొండు వందల ముప్పై ఎనిమిది.
ఏమీ అనలేదు.
పుస్తకంలో తొమ్మిది వందలు కొట్టేశాడు.
చూసినవాళ్ళు అన్న గడిలో
అబ్లా పట్టుబట్టి తన పేరు కింద
నా పేరు రాయించింది, 'బ' తోనే.

ఆ రెండూ ఫోటో అంచు దాటాయి, అంతే.
ఉన్నాయి. నేను చూశాను.

పక్షులకి వీసా గొడవ లేదని
పక్కింటి వంటావిడ ఎప్పుడూ నిట్టూరుస్తుంది.
నాకట్లా అనిపించదు.
గద్ద వచ్చినప్పుడు ఆ రెక్కల చప్పుడు
ఆమె వినలేదు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గరి తీగ మీద పాలపిట్ట.
మాది కాదు, దీని గొంతు కూడా నీలమే.
దసరాకి దీన్ని చూస్తే మంచిదంటారు.
ఈ రోజు దసరా అవునో కాదో
ఫోన్ తీస్తే తెలిసేది. తీయలేదు.
అబ్లా పెన్ను మూత విప్పింది.
ఎన్ని?
ఒకటి, అన్నాను.
సరిగ్గా చూశావా?
మళ్ళీ చూశాను.
ఒకటి.